సగటు వానకు చేను తడవదు

ఆగస్టు రెండో పక్షం వచ్చేసరికి అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల సమీక్షా సమావేశాల్లో ఒక మాట వినబడటం ఆనవాయితీ అయింది: ‘జిల్లా సగటు చూస్తే వర్షపాతం సాధారణమే’. మరుసటి రోజు పేపర్లలో అదే వస్తుంది. మా పేపర్లోనూ వస్తుంది, ఆ సంగతి దాచుకోవడం ఎందుకు? ఆ మాట అచ్చయ్యే రోజున కదిరి పక్క ఎర్రనేలల్లో బుడ్డల (వేరుశెనగ) చేను మధ్యాహ్నానికి ఆకు ముడుచుకుని నిలబడి ఉంటుంది. ఆ తర్వాత రెండు నెలలకు, అక్టోబరు చివర, కరువు మండలాల జాబితా వస్తుంది. కొన్ని పేర్లు ఉంటాయి, కొన్ని ఉండవు. గట్టుకు ఇవతలి చేను కరువు, అవతలి చేను సుభిక్షం. రెండు చేన్లకూ వాన రానిది ఒకే మబ్బు నుంచి!

కరువును సగటు పెట్టి కొలిచే ఈ పద్ధతి మీదే మా అభ్యంతరం. సగటు అనేది లెక్కల పుస్తకంలో ఉంటుంది. చేలో ఉండదు.

ఉమ్మడి అనంతపురం జిల్లాకు నైరుతి కాలంలో పడాల్సిన వాన సుమారు 338 మిల్లీమీటర్లు. జూన్‌లో 64, జూలైలో 67, ఆగస్టులో 89, సెప్టెంబరులో 118. ఇప్పుడు ఒక ఏడాదిని ఊహించుకోండి. జూన్‌లో పడాల్సినంతా పడింది. రైతు పదును చూసి గొర్రు కట్టి విత్తాడు. జూలైలో చినుకు లేదు. ఆగస్టులో 40 మిల్లీమీటర్లతో సరిపెట్టింది. ఊడలు, అంటే వేరుశెనగ పూత నుంచి కిందికి దిగే కాడలు, దిగాల్సిన నేల పెంకులా గట్టిపడింది. ఊడ నేలలోకి దిగకపోతే కాయ లేదు, అంతే. సెప్టెంబరులో అల్పపీడనమొకటి వచ్చి 234 మిల్లీమీటర్లు కుమ్మరించింది. కూడి చూడండి, 338 వస్తుంది. లోటు సున్నా. కాగితం మీద అంతకన్నా చక్కని ఏడాది ఉండదు. చేలో మాత్రం పశువులకు వేసే కట్టె తప్ప ఏమీ లేదు, ఆ కట్టె కూడా ముసురుకు బూజు పట్టకపోతేనే. పైగా వాతావరణ శాఖ వర్గీకరణలో 19 శాతం దాకా తక్కువ పడినా ‘సాధారణమే’. అంటే 275 మిల్లీమీటర్లు పడినా జిల్లాకు ఢోకా లేదన్నమాట.

అనంతపురం గురించి చిన్నప్పటి నుంచి చదువుకున్నదీ సగటు మాటే. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వర్షం కురిసే జిల్లా అని. శాసనసభలో ఈ మాట అనని నాయకుడు లేడు. నిజానికి ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు పడే నేల ఎడారి కాదు. జైసల్మేర్‌కు దానిలో సగం కూడా లేదు. పడమటి కనుమలు నైరుతిని అడ్డుకుంటాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్యం చేరేసరికి నీరసిస్తుంది. రెండు రుతుపవనాలకూ చివరి ఊరు ఈ జిల్లా. అందుకే ఇక్కడ ఎంత పడిందన్నది రెండో ప్రశ్న. ఎప్పుడు పడింది, ఏ ఊళ్లో పడింది అన్నదే మొదటిది. మన లెక్క ఆ మొదటి ప్రశ్న అడగదు.

2016లో కేంద్రం తెచ్చిన కరువు నిర్వహణ మార్గదర్శకాల్లో బెట్ట ఊసే లేదని మేం అనడం లేదు. మూడు నాలుగు వారాలు వరుసగా వాన సగానికి పడిపోతే దాన్ని లెక్కలోకి తీసుకోమన్నారు. కానీ అది తొలి మెట్టు మాత్రమే. దాని మీద పంట విస్తీర్ణం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భ జలాల లెక్క, ఉపగ్రహం చూసే పచ్చదనం అంటూ మరికొన్ని మెట్లున్నాయి. ఆ పైన పది శాతం ఊళ్లలో పరిశీలన. ఈ మెట్లు దాటి చివరికి ‘తీవ్రం’ అనిపించుకున్న మండలానికే కేంద్ర నిధి దక్కే అవకాశం. ‘మధ్యస్థం’ అనిపించుకుంటే పేరు జాబితాలో ఉంటుంది, డబ్బు ఢిల్లీ నుంచి రాదు.

ఆ పచ్చదనం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఉపగ్రహానికి ఆకు కనబడుతుంది, కాయ కనబడదు. వేరుశెనగ కాయ నేల కింద ఊరుతుంది. జూలై, ఆగస్టు బెట్టకు ఊడలు ఎండిపోయి, సెప్టెంబరు వానకు పైన కొత్త ఆకు వేసిన చేను ఆకాశం నుంచి చూస్తే నవనవలాడుతూ ఉంటుంది. ఆ చేలోకి దిగి ఒక చెట్టు పీకి మట్టి దులిపి చూడండి. రెండో మూడో కాయలుంటాయి. ఒలిస్తే ఒకదాంట్లో గింజ ఉండదు. ఉన్నదాంట్లో గింజ ముడతలు పడి ఉంటుంది. ఇక అదే మండలంలో బోర్ల కింద చీనీ (బత్తాయి) తోటలు, అరటి తోటలు ఉంటే వాటి పచ్చదనమూ ఈ పచ్చదనంలోనే కలుస్తుంది. వెయ్యి అడుగుల లోతు నుంచి తోడిన నీళ్లతో బతికిన తోట పక్క ఊరి ఎండిన చేనుకు పూచీకత్తు అవుతుంది. సగటు చేసే పని ఇదే.

మండలాన్నే ప్రమాణంగా తీసుకోవడంలోని అన్యాయం ఈ జిల్లా పటం చూస్తేనే తెలిసిపోతుంది. విభజనకు ముందు 19,130 చదరపు కిలోమీటర్లు, 63 మండలాలు. అంటే మండలానికి సుమారు 300 చదరపు కిలోమీటర్లు. పడమట ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడి. కణేకల్లు, బొమ్మనహాళ్‌లో ఒక పక్క తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి నాట్లు, మరో పక్క వేదవతి ఒడ్డున పొలాల మీదికి పాకుతున్న ఇసుక దిబ్బలు. రెండూ ఒకే మండలంలో! వాటి మధ్య సగటు తీస్తే ఏం వస్తుంది? వరి పొలమూ రాదు, ఇసుక దిబ్బా రాదు, ఎక్కడా లేని పొలం ఒకటి వస్తుంది. ఆ లేని పొలానికి కరువు వచ్చిందా లేదా అని తేల్చి, ఉన్న పొలాల రైతులకు తీర్పు చెబుతున్నారు.

వానమాపకాలు పెరిగాయని, ఆటోమేటిక్ కేంద్రాలు వచ్చాయని అధికారులు అంటారు. వచ్చాయి, సంతోషం. వచ్చిన కేంద్రాల లెక్కలన్నీ తిరిగి మండల సగటులో కలిపేస్తుంటే అవి ఎన్నుంటే ఏం? ఉదయం 8.30కి రీడింగు తీసే వేళకు తహసీల్దారు కార్యాలయం ఆవరణలోని గొట్టంలో 40 మిల్లీమీటర్లు ఉండటం, పది కిలోమీటర్ల అవతలి ఊళ్లో దుమ్ము కూడా అణగకపోవడం ఈ ప్రాంతంలో వింతేమీ కాదు. ‘వాన ఎద్దు కొమ్ముల మధ్య పడిందా’ అని పెద్దలు అడిగేది ఊరికే కాదు.

ఊరి వారీగా కరువు ప్రకటిస్తే రాజకీయ ఒత్తిళ్లు పెరుగుతాయని, ఖజానా తట్టుకోలేదని, అసలు ఇవన్నీ కేంద్ర నిబంధనలని ఒక వాదన ఉంది. ఖజానా ఇబ్బంది నిజమే. మిగిలినవి సాకులు.

ఎందుకంటే ప్రభుత్వం తనకు కావాలనుకున్నప్పుడు ఊరిదాకా, ఇంటి గడపదాకా, సర్వే నంబరుదాకా వెళ్లగలదని ఎప్పుడో నిరూపించింది. పరిపాలన చేరువ కావాలని 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. ఇంకా చేరువ కావాలని 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. ప్రభుత్వం మారాక వాటి పేరు రైతు సేవా కేంద్రాలైంది. జిల్లా పెద్దదైపోయిందని 2022 ఏప్రిల్ 4న రెండుగా చీల్చి పుట్టపర్తి కేంద్రంగా మరో కలెక్టరేట్ పెట్టారు. బోర్డులు మారాయి, లెటర్‌హెడ్లు మారాయి, అధికారుల సంఖ్య రెట్టింపైంది. కరువును కొలిచే గజం బద్ద మాత్రం 1985 నాటి మండలం దగ్గరే ఆగిపోయింది. పాలనలో అన్నీ చిన్నవవుతూ వచ్చాయి, ఒక్క సగటు తప్ప.

ఈ-పంట సంగతే చూడండి. సర్వే నంబరు వారీగా ఏ రైతు ఏ పంట ఎన్ని సెంట్లలో వేశాడో నమోదు చేస్తున్నారు. సిబ్బంది చేలోకి వెళ్లి, రైతును నిలబెట్టి ఫొటో తీసుకుంటున్నారు. వేలిముద్ర వేయిస్తున్నారు. నమోదు కాకపోతే కొనుగోలు లేదు, పరిహారం లేదు అని హెచ్చరిస్తున్నారు. ఇంత చేసి, తీరా పంట ఎండిన రోజున ఆ సర్వే నంబరు ఎవరికీ గుర్తుండదు. ముందు మీ మండలం జాబితాలో ఉందా అని అడుగుతారు. వివరాలు తీసుకోవడం సెంట్ల లెక్కన, ఆదుకోవడం మండల సగటు లెక్కన!

ఇంకో తిరకాసు ఉంది. అదే రైతు పంట అధిక వర్షానికి మునిగితే పొలం పొలం తిరిగి 33 శాతానికి మించి నష్టపోయిన ప్రతి చేనునూ లెక్క రాస్తారు. మండలమంతా మునిగిందా అని ఎవరూ అడగరు. నీటిలో మునిగిన చేనుకు సొంత గుర్తింపు ఉంది, నీరు లేక ఎండిన చేనుకు లేదు. ఈ తేడాకు కారణం ఏమిటో వ్యవసాయ శాఖ గానీ రెవెన్యూ శాఖ గానీ ఒక్కసారైనా చెప్పాలి. బ్యాంకు మాత్రం బాకీ వసూలుకు మండల సగటు చూడదు. పాసుపుస్తకం నంబరు చూస్తుంది.

ఇంత కష్టపడి గేటు దాటినా దొరికేది ఎంత? 2022లో సవరించిన కేంద్ర నిబంధనల్లో వర్షాధార పంటకు హెక్టారుకు రూ.8,500. అదీ 2 హెక్టార్ల వరకే. ఎకరాకు రూ.3,440. రాష్ట్రం తన వంతు కలిపితే కొంత పెరుగుతుంది. విత్తనకాయల ఖర్చుకు కూడా సరిపోని ఆ సొమ్ము కోసం కాదు రైతు జాబితా వైపు చూసేది. జాబితాలో ఉంటే అప్పు వాయిదా పడుతుంది. ఉపాధి హామీ చట్టం కింద కరువు మండలానికి 100 రోజుల మీద మరో 50 రోజుల పని దొరికేది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైంది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. 2025 డిసెంబరులో ఆ చట్టాన్నే తీసేసి కొత్తది తెచ్చారు. దాని గురించి విడిగా రాయాల్సింది చాలా ఉంది.

జాబితాలో లేని ఊరి వాళ్లకు మిగిలేది బెంగళూరు బస్సు. 2011 లెక్కల్లో ఉమ్మడి జిల్లా జనాభా 40,81,148. ఆ లెక్కలు తీసి ఒకటిన్నర దశాబ్దం గడిచింది. వారిలో ఎందరు ఇప్పుడు ఏడాదిలో సగం రోజులు కర్ణాటకలోనో కేరళలోనో మేస్త్రీల దగ్గర ఉంటున్నారో ఏ రిజిస్టరులోనూ లేదు. తాళం వేసిన ఇళ్ల ముందు ముసలివాళ్లు కూర్చుని ఉంటారు. ఒకప్పుడు 7, 8 లక్షల హెక్టార్లలో పండిన వేరుశెనగ సగానికి పైగా తగ్గిపోయింది. కందికీ ఆముదానికీ మళ్లడం మంచిదేనని శాస్త్రవేత్తలు అంటారు. మంచిదే కావచ్చు. కానీ ఆ మార్పులో కొంత తెలివిడి, కొంత ఓటమి. ఏది ఎంతో చెప్పడానికి మళ్లీ సగటు పనికిరాదు.

చేయాలనుకుంటే దారి లేకపోలేదు. 2023లో మహారాష్ట్ర ముందు 40 తాలూకాలను కేంద్ర నిబంధనల ప్రకారం ప్రకటించింది. మిగిలిన తాలూకాల్లో వాన పడని రెవెన్యూ సర్కిళ్లు (తాలూకా కన్నా చిన్న విభాగాలు) వదిలివేతకు గురయ్యాయని గోల మొదలయ్యాక, దాదాపు వెయ్యి సర్కిళ్లలో కరువు లాంటి పరిస్థితి ఉందని తన అధికారంతోనే ప్రకటించి, ఫీజుల దగ్గర్నుంచి అప్పుల దాకా రాయితీలిచ్చింది. కేంద్రం డబ్బు ఇవ్వనంత మాత్రాన రాష్ట్రం కళ్లు మూసుకోనక్కర్లేదని అక్కడ తేలింది. అదే ఏడాది మన రాష్ట్రం 103 మండలాలు ప్రకటించింది, మరుసటి ఏడాది 54. ఆ జాబితాల బయట ఎండిన ఊళ్లెన్నో ఒక్క కాగితమూ లేదు. ఎందుకంటే అడగలేదు.

ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ విషయంలో తేడా లేదు. ప్రతిపక్షంలో ఉండగా ఎండిన చెట్టు చేతపట్టుకుని చేలో ఫొటో దిగుతారు. గద్దెనెక్కాక ‘మండల సగటు’ అంటారు. అప్పటి ఫొటోలు మా దగ్గర భద్రంగానే ఉన్నాయి. అప్పుడు మీరు పీకి చూపించింది ఒక చేలోని ఒక చెట్టును. ఆ రోజు మీకు సగటు గుర్తుకు రాలేదు.

ఈసారి అక్టోబరు 30 దాకా ఆగనక్కర్లేదు. ఈ-పంట జాబితా సచివాలయంలోనే ఉంది. అందులో వేరుశెనగ నమోదైన సర్వే నంబర్లకు, ఫొటో తీసిన అదే ఉద్యోగిని సెప్టెంబరు మొదటి వారంలో మళ్లీ పంపండి. చెట్టు పీకి కాయలు లెక్కపెట్టి రాసుకు రమ్మనండి. అది కూడా చేతకాకపోతే, రైతును ఎండలో నిలబెట్టి ఆ ఫొటో తీయడం మానేయండి.