కోత లేదన్నంత మాత్రాన చిన్న చికిత్స కాదు

కత్తి గాటు ఉండదు, రక్తం కారదు, బల్ల దిగేసరికి చేతి వణుకు తగ్గిపోతుంది. ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు జబ్బుకు చేసే ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ (ధ్వని తరంగాలను ఒక్కచోట గురిపెట్టి వేడి పుట్టించే చికిత్స) గురించి వినిపించే ప్రచారమంతా దాదాపు ఇంతే. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే అసలు విషయం పక్కకు పోతోంది. ఇది మెదడులో కందిగింజంత భాగాన్ని శాశ్వతంగా కాల్చేసే చికిత్స. కాలిన కణజాలం తిరిగి రాదు.

ముందు జబ్బు అదేనా అన్నది తేలాలి. చేతులు ఒళ్లో ఉన్నంతసేపూ కుదురుగా ఉండి, గ్లాసు ఎత్తబోతేనో సంతకం పెట్టబోతేనో వణకడం ఎసెన్షియల్ ట్రెమర్ తీరు. పార్కిన్సన్స్‌లో చెయ్యి ఊరికే ఉన్నప్పుడే వణుకు ఎక్కువ. థైరాయిడ్ ఎక్కువైనా, ఆయాసానికి సాల్బుటమాల్, ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ వాడుతున్నా చేతులు వణుకుతాయి. ఇవేవీ కావని తేలాక కూడా ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్ సరైన మోతాదులో వాడి చూడాలి. ఆస్తమా ఉంటే ప్రొప్రనొలాల్ కుదరదు. మందులకు లొంగని వణుకు రోజువారీ పనులకు అడ్డమైతేనే ఈ చికిత్స మాట.

చికిత్స రోజున తల నున్నగా గొరిగేస్తారు. వెంట్రుకల మధ్య గాలి బుడగలుంటే అల్ట్రాసౌండ్ అక్కడే వెనక్కి మళ్లుతుంది మరి. పిన్నులు దిగే చోట మాత్రమే మత్తు సూది వేసి తలకు నాలుగు పిన్నులతో ఫ్రేమ్ బిగిస్తారు. అల్ట్రాసౌండ్ పుట్టించే 1024 ట్రాన్స్‌డ్యూసర్లున్న హెల్మెట్‌కూ తలకూ మధ్య గాలి తీసేసిన చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి. ఇదంతా ఎంఆర్ఐ లోపలే, రోగి మెలకువగా ఉండగానే. గురి మెదడు లోతుల్లో ఉండే థాలమస్‌లోని విమ్ అనే కేంద్రకం (నాడీకణాల గుంపు). మొదట 40-45 డిగ్రీల దాకా వేడి చేసి, వేడి అనుకున్న చోటే పడుతోందో లేదో ఎంఆర్ఐలో చూస్తారు. 50 డిగ్రీల దగ్గరకు తెచ్చాక రోగి చేత సుడి గీతలు గీయిస్తారు. వణుకు తగ్గి, తిమ్మిరి, మాట తడబాటు లేవంటేనే 55-60 డిగ్రీలకు వెళతారు. ఒక్కో విడత సెకన్లలోనే అయిపోతుంది. పుర్రె చల్లారడానికే ఎక్కువ సమయం పోతుంది. ఆ కొద్ది సెకన్లలో తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం మామూలే. భరించలేకపోతే ఆపేయడానికి రోగి చేతిలో బటన్ ఉంటుంది.

గురి రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిగితే స్పర్శ కేంద్రకం దెబ్బతిని పెదవులు, వేళ్లు మొద్దుబారతాయి. బయటి పక్కకు జరిగితే ఇంటర్నల్ క్యాప్సూల్ (కదలికలను నడిపే నాడీ తంతువుల దారి) కాలి చెయ్యీ కాలూ బలహీనపడతాయి. ఎంఆర్ఐలో విమ్ హద్దులు విడిగా కనిపించవు కాబట్టి చుట్టుపక్కల గుర్తుల నుంచి కొలిచి అంచనా వేసుకోవాల్సిందే. మెలకువగా ఉంచి పరీక్షించడం అందుకే.

చాలామందికి అడ్డుపడేది సొంత పుర్రే. సీటీ స్కాన్‌లో ఎముకలోని మెత్తటి పొరకూ గట్టి పొరలకూ ఉన్న సాంద్రత నిష్పత్తిని లెక్కగడతారు. అది 0.4 కంటే బాగా తక్కువైతే శక్తిలో ఎక్కువ పాలు పుర్రెలోనే ఖర్చయిపోతుంది, లోపల చాలినంత వేడి పుట్టదు. సీటీ చూడకుండానే ‘మీకు చేసేయొచ్చు’ అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

ఫలితాల సంగతి. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన 76 మంది అధ్యయనంలో మూడు నెలలకు చేతి వణుకు స్కోరు 18.1 నుంచి 9.6కు దిగింది. ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 16.0 నుంచి 15.8కి, అంటే మార్పు లేనట్టే. అయితే వణుకు సగానికి తగ్గింది తప్ప పూర్తిగా పోలేదు. ఏడాదికి వచ్చేసరికి ఆ తగ్గుదల కూడా 7.2 పాయింట్లకు పరిమితమైంది. చికిత్స పొందినవారిలో 36 శాతం మందికి నడకలో తేడా, 38 శాతం మందికి తిమ్మిరి వచ్చాయి. ఏడాది తర్వాతా అవి వరుసగా 9, 14 శాతం మందిలో మిగిలాయి. బాత్రూమ్‌లో జారిపడితే తుంటి విరిగే వయసువారికి ఆ 9 శాతం చిన్న అంకె కాదు.

దీనికి ప్రత్యామ్నాయం డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్), అంటే మెదడు లోపలికి కరెంటు పంపి వణుకు తగ్గించే ఆపరేషన్. ఇందులో పుర్రెకు రంధ్రం చేసి ఎలక్ట్రోడ్ దింపుతారు, ఛాతీలో బ్యాటరీ పెడతారు. ఇన్ఫెక్షన్, రక్తస్రావం భయం ఉంది, బ్యాటరీ మార్చాల్సి వస్తుంది. కానీ కరెంటు తగ్గించవచ్చు, ఆపేయవచ్చు. రెండు చేతులకూ చేయవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో ఏళ్లుగా చేస్తున్నదే. మా అభిప్రాయంలో డెబ్బై దాటి, ఆపరేషన్‌కు వెనకాడుతూ, భోజనం చేసే చెయ్యి కుదురుకుంటే చాలనుకునేవారికి ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ మేలు. యాభైల్లో ఉండి రెండు చేతులూ వణుకుతున్నవారు ముందు డీబీఎస్ గురించి అడగాలి.

ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌తో మెదడులో ఒక వైపు కాల్చాక, రెండో వైపూ కాల్చే సంగతి వేరు. ఒకప్పుడు థాలమస్‌ను రెండు వైపులా దెబ్బతీసిన ఆపరేషన్లలో చాలామందికి మాట ముద్దయింది. ఆ భయంతోనే అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఒక వైపుకే అనుమతించింది. 2022 డిసెంబరులో రెండో వైపుకూ ఒప్పుకుంది గానీ, మధ్యలో కనీసం 9 నెలల ఎడం ఉండాలంది. ఆ 9 నెలల తర్వాత కూడా మాటలో ముద్దతనం, నడకలో తూలు మిగిలి ఉంటే రెండో వైపు జోలికి వెళ్లకపోవడమే మంచిది.