ఫారం-బిలోని ఆ గడికి ఒక బహిరంగ లేఖ

జంతువుల మీద ప్రయోగాలకు అనుమతి కోరే దరఖాస్తు ఫారం-బిలో కొలువైన మహారాజశ్రీ ‘జంతువులు లేని పద్ధతులు ఎందుకు సరిపోవు?’ అనే గడి గారికి నమస్కారాలు.

ఈ మధ్యాహ్నం ఒక ఫార్మసీ కళాశాల జంతు నైతిక సంఘం సమావేశంలో తమ దర్శనం మళ్లీ అయింది. అందులో నేను ‘సామాజిక స్పృహ గల సభ్యుణ్ణి’ (మిగతావారికి అది అక్కర్లేదని నిబంధనల ఉద్దేశం కాబోలు). కోరం కోసం పడిగాపులు, ప్రతి పేజీ మీదా ముద్ర పడిందా లేదా అన్న సుదీర్ఘ చర్చ, చల్లారిన సమోసాలు, వీటి సంగతి వదిలేస్తాను.

దరఖాస్తు మామూలే. మధుమేహం తెప్పించడానికి స్ట్రెప్టోజోటోసిన్, తగ్గించడానికి కాకరాకు రసం, మధ్యలో విస్టార్ రకం ప్రయోగశాల ఎలుకలు. గ్రూపుకు ఆరు చొప్పున ఐదు గ్రూపులు, మొత్తం 30. ఆరే ఎందుకు? సీనియర్ థీసిస్‌లో ఆరే కనుక. తమ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇలా ఉంది: ‘ఈ అధ్యయనంలో కుందేళ్లకు ప్రత్యామ్నాయం లేదు.’

కుందేళ్లా? అడిగాను. ‘టైపింగ్ పొరపాటు సార్’ అన్నారు గైడుగారు. పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాళ్లను చూశాను గానీ, ఎలుకలు పట్టి కుందేళ్లనేవాళ్లను ఇప్పుడే చూడటం. ‘సవరణకు లోబడి ఆమోదం’ అని మినిట్స్‌లో రాసేశారు.

మందులను నేరుగా మనుషుల నోట్లో పొయ్యమని నేననను. 1937లో అమెరికాలో, కనీసం ఎలుకలకైనా పెట్టి చూడకుండా అమ్మిన సల్ఫనిలమైడ్ ద్రవం వంద మందికి పైగా ప్రాణాలు తీసింది. కానీ 2023లో మన కేంద్ర ప్రభుత్వమే కొత్త మందుల నిబంధనలు సవరించి కణాల పరీక్షలు, చిన్న చిప్ మీద కణాలతో చేసిన అవయవ నమూనాలు, కంప్యూటర్ నమూనాలు కూడా చెల్లుతాయంది. ఆ కబురు తమకింకా అందినట్టు లేదు.

స్ట్రెప్టోజోటోసిన్ ఎక్కించిన ఎలుకను తమరెప్పుడైనా చూశారా? క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. ఎంత తాగినా దాహం తీరదు. బోనులో పరిచిన పొట్టు మార్చిన కాసేపటికే తడిసి ముద్దవుతుంది. తోక కొసన గాటు పెట్టి నెత్తురు తీస్తారు. ఇదంతా కాకర చక్కెరను తగ్గిస్తుందని మరోసారి చెప్పడానికి! ‘ఇలాంటి అధ్యయనం ఇదివరకు జరిగిందా?’ అని పక్క గడి అడిగితే, అక్కడ ‘లేదు’ అని రాశారు. ఆ అబద్ధం రాసిన చేతికి సిగ్గుండాలి. చదవకుండా సంతకం గీకిన చేతులకు అంతకంటే ఎక్కువ ఉండాలి.

వచ్చే సమావేశం కాగితాలు అప్పుడే పంపించారు. మళ్లీ కాకరే. ఈసారి ఆకు కాదట, గింజలట.

ఇట్లు,
తమ ఏకైక పాఠకుడు