పిల్లలకు తెలియదనుకోవడం పొరపాటు
క్రిస్మస్‌కు బొమ్మ కోసం ఎదురుచూసే ఒక పాప కథ చదివాను. అందులో, ఇంట్లో డబ్బుల్లేని సంగతి ఆ పాపకు తెలియదని రాశారు. అక్కడే నాకు నమ్మబుద్ధి కాలేదు. పిల్లలకు అన్నీ తెలుస్తాయి. మా నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక షాపులో, పడుకోబెడితే కళ్లు మూసే బొమ్మ ఉండేది. డిసెంబర్ అంతా బడి నుంచి వస్తూ దాన్నే చూసేదాన్ని. నాన్న ధర అడగబోతే "నాకొద్దు, జుట్టు బాలేదు" అన్నాను. అబద్ధం, ఆ జుట్టు చూసే కదా పడిపోయింది! చివరికి అమ్మ పాత పోచంపల్లి చీర ముక్కల్లో దూది కూరి ఒకటి కుట్టింది. ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. 24 రాత్రి చర్చికి దాన్నే చంకలో పెట్టుకుని వెళ్లాను. షాపు బొమ్మ మీద ఆశ మాత్రం పోలేదండీ, సంక్రాంతి దాకా అటు చూస్తూనే నడిచాను.