మా హాల్లో కాపురముంటున్న సెంట్రింగ్ గారికి

మహారాజశ్రీ సెంట్రింగ్ గారికి,

కావలి నుంచి మీ ఇంటి ఓనరు, క్షమించండి, మీరు కాపురముంటున్న ఇంటి ఓనరు నమస్కరించి రాయునది. ఇచ్చట మేమంతా అద్దె ఇంట్లో క్షేమం. అచ్చట తమరు, అంటే స్లాబు గట్టిపడేదాకా కింద మోయడానికి నిలబెట్టిన కర్రలూ రేకులూ, మా సొంత ఇంటి హాల్లో క్షేమమని తలుస్తాను.

తలచడమెందుకు, కళ్లారా చూసే వచ్చాను. ఇవాళ మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరున్నర దాకా తమరి ఎదురుగా సిమెంటు బస్తా మీద కూర్చున్నది నేనే. హాఫ్ డే సెలవు పెట్టి మరీ వచ్చాను. "బువ్వ తిని వచ్చేస్తాం సార్, పొద్దుగూకేలోపల మొత్తం ఇప్పేస్తాం" అని మేస్త్రి పొద్దున్నే ఫోన్లో మాటిచ్చాడు. మూడింటికి చేస్తే "దారిలో ఉండాం సార్" అన్నాడు. నాలుగింటికి చేస్తే "ముసునూరు కాడ ఉండాం సార్" అన్నాడు. ముసునూరు నుంచి మా వీధికి మేతకు పోయిన మేక కూడా గంటలో వచ్చేస్తుంది. ఐదింటికి స్విచాఫ్.

ఊరికే కూర్చోలేక తమరిని లెక్కపెట్టాను. హాల్లో 46 కర్రలు. రెండోసారి లెక్కపెడితే 47 వచ్చాయి. ఇన్నాళ్ల కాపురంలో ఒకటి పుట్టినా పుట్టి ఉంటుందనుకుని మూడోసారి లెక్కపెట్టాను. 46 మాత్రమే. రోజులు మాత్రం నిక్కచ్చిగా 47. గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నాను, జైల్లో ఉన్నవాడిలా. తేడా ఏమిటంటే, నేను లోపలికి రావడానికి ఎదురుచూస్తున్నాను.

తమరు వేంచేసిన రోజు మర్యాదలో లోపమేదైనా జరిగిందా? ఈశాన్యం మూల కర్రకు మా అమ్మ పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. స్లాబు రోజు కాంక్రీటు కలిపే మిల్లరు మోత మధ్య ముప్పై మందికి చికెన్ బిర్యానీ పెట్టాం. కొత్తల్లుడికి తక్కువ చేసిందేమీ లేదు. అల్లుడయితే మూడు నిద్రలు చేసి వెళ్లిపోతాడు.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని. ఐఎస్ 456 అని కాంక్రీటు పనికి దేశం మొత్తానికీ ఒక కోడు పుస్తకం ఉంది. 2000లో సవరించారు. అందులో తమరి గురించీ రాశారు. స్పాను, అంటే గోడకూ గోడకూ మధ్య దూరం, నాలుగున్నర మీటర్లలోపు ఉంటే స్లాబు కింది పోట్లు, అంటే తమరి కర్రలే, 7 రోజులకు తీయొచ్చు, దాటితే 14 రోజులు. దూలం కిందయితే 6 మీటర్లలోపుకి 14, దాటితే 21. మా హాలు వెడల్పు 13 అడుగులు, అంటే నాలుగు మీటర్లు. ఇప్పుడొచ్చే, ఫ్లైయాష్ కలిపిన పీపీసీ సిమెంటు కాస్త మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి ఇంకో వారం, మా అమ్మ భయానికి మరో వారం కలిపినా మూడు వారాలు. ఏటా ఆ పట్టిక బోర్డు మీద రాసి పిల్లలచేత అప్పజెప్పించుకుంటాను. సాయంత్రం ఇటొచ్చి గోడ మీద ఇంకో గీత గీస్తాను.

పోనీ తమరు ఏదైనా పని చేస్తున్నారా అంటే అదీ లేదు. ఇవాళ కిటికీ దగ్గరి కర్రను పట్టుకుని ఊపితే కింద బిగించిన చెక్క చీలిక ఊడి వచ్చింది. స్లాబు తన బరువు తానే మోసుకుంటోంది. తమరు ఊరికే తలానించి నిలబడ్డారు, పెళ్లిలో గుంజ పట్టుకుని నిలబడి పందిరంతా తన మీదే ఉందనుకునే మేనమామలా.

మా తీరంలోనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, షార్ ఉంది. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు తిరుపతి జిల్లాకు పోయింది గానీ, మా నోట అది ఇప్పటికీ నెల్లూరు షారే. అక్కడ మొదటి లాంచ్ ప్యాడ్ దగ్గర మొబైల్ సర్వీస్ టవర్ అని తమరి జాతిదే ఒకటుంది. 44 మీటర్ల పీఎస్ఎల్‌వీని ఒక్కో అంచె పేర్చి నిలబెట్టేదాకా చుట్టూ కాపుకాసే ఇనుప చట్రం అది. రాకెట్టు సిద్ధమయ్యాక ప్రయోగానికి ముందే పట్టాల మీద వెనక్కి జరిగి దారి ఇస్తుంది. అంత పెద్ద కట్టడం! ఎవరూ దానికి ఫోన్ చేయక్కర్లేదు. తమరు పెరిగింది కూడా ఈ తీరం ఇసక తోటల్లోనే. అదే ఉప్పు గాలి తిన్న సర్వి కర్రలు. బుద్ధి మాత్రం ఎక్కడ తేడా వచ్చిందో.

ఇటలీలో ఫ్లారెన్సు నగరపు పెద్ద చర్చి గుమ్మటం గురించి ఏటా ఒక క్లాసు చెబుతాను. దాదాపు 45 మీటర్ల వెడల్పు. 1420లో మొదలుపెట్టి 1436కల్లా ముగించారు. బ్రూనెలెస్కీ అనే ఆయన నేల నుంచి సెంట్రింగ్ నిలబెట్టకుండానే దాన్ని కట్టాడు. ఇటుకల్ని చేపముల్లు వరసలో పేర్చి, కట్టిన ప్రతి వరసా తనను తానే పట్టుకుని నిలబడేలా చేశాడు. అంత సెంట్రింగుకు సరిపడా పెద్ద కలప దొరకదని, ఖర్చు తట్టుకోలేరని పుస్తకాల్లో కారణాలు రాసి ఉంటాయి. పదిహేనేళ్లుగా నేనూ అదే చెప్పాను. అసలు కారణం ఇప్పుడు తెలిసింది. అంతకుముందు ఆయన సొంతానికి ఒక చిన్న ఇల్లు కట్టుకుని ఉంటాడు.

అంత దూరం ఎందుకు? అల్లూరులో మా తాత కట్టించిన మిద్దె ఉండేది. పుస్తకాల్లో మద్రాసు టెర్రస్ అంటారు. టేకు దూలాల మీద పలుచని చిన్న ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా సున్నంలో పేర్చుకుంటూ పోవడమే. సున్నం ఇటుకను పట్టుకుంటుంది, ఈ ఇటుక పక్క ఇటుకను పట్టుకుంటుంది. కింద రేకుల్లేవు, పోట్లు లేవు. పైన ఇటుక ముక్కలూ సున్నమూ పరిచి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చల్లుతూ, ఆడకూలీలు వరసగా కూర్చుని రోజుల తరబడి చెక్కలతో కొట్టేవాళ్లని మా నాయనమ్మ చెప్పేది. ఆ చప్పుడు ఆగిన రోజే కింద హాల్లో చాపేసుకుని పడుకున్నారట మా తాత. నేను మాత్రం ఇంజనీరింగ్ చదివిన మనవణ్ని. నాకు స్లాబే కావాల్సి వచ్చింది.

తమరికి ఈ ఆశ ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఐఫెల్ టవర్. 1889లో పారిస్ ప్రదర్శన కోసం 18,038 ఇనుప ముక్కల్ని 25 లక్షల రివెట్లతో బిగించి లేపిన ఆ చట్రానికి మొదట ఇచ్చిన అనుమతి ఇరవై ఏళ్లే. 1909లో విప్పేయాల్సింది. అంతలో వైర్‌లెస్ వచ్చింది, అంత ఎత్తున యాంటెన్నా పెట్టుకోవడానికి పనికొస్తుందని ఉంచేశారు. ఇప్పటికీ కదల్లేదు. ఒక మాట స్పష్టంగా చెబుతున్నాను. మా ఇంటికి కేబుల్ కనెక్షన్ ఉంది. యాంటెన్నా అక్కర్లేదు.

ఆదర్శంగా తీసుకోవాలనుకుంటే లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను తీసుకోండి. ఇనుప కమ్మీలూ అద్దాలతో కట్టిన దాదాపు 1,850 అడుగుల పొడవు హాలు అది. 1851 అక్టోబర్లో ప్రదర్శన అయిపోయింది. మరుసటి ఏడే ముక్కలు ముక్కలుగా విప్పి, సిడెన్‌హామ్ తీసుకుపోయి, ఇంకా పెద్దదిగా కట్టుకున్నారు. విప్పేవాళ్లు భోజనానికి వెళ్లి తిరిగొచ్చారన్నమాట.

ఇక అసలు సంగతి. ఆరింటికి బండి చప్పుడైతే ప్రాణం లేచొచ్చింది. మేస్త్రి కుర్రాడు ఒక్కడే దిగాడు. ఇప్పడానికి కాదట. ఇక్కడ మర్చిపోయిన గడ్డపార తీసుకుపోవడానికి వచ్చాడు. అంటే తమరిని విప్పే ఒక్కగానొక్క పనిముట్టును నా కళ్లముందే బండి వెనక కట్టుకున్నాడు. పైగా నాకు ధైర్యం చెప్పాడు. "టెన్షన్ పడబాకండి సార్. బిట్రగుంటలో స్లాబు ఇంకా లేటు. ఇయ్యన్నీ ఇప్పితే యాడ పెట్టుకోవాల? మీ హాలయితే నీడ. వానొచ్చినా తడవదు."

నీడ. నా హాలు నీడ!

బ్యాంకు లోను తీసుకుని, మా ఆవిడ గాజులు కుదవపెట్టి, నలభై ఆరు కర్రలకు నీడ కట్టానన్నమాట. సెంట్రింగ్ పని అడుగుకింత అని గుత్తకిచ్చాను. రోజు అద్దె కాదు. తమరు ఏడు రోజులున్నా డెబ్బై రోజులున్నా వాడికి వచ్చేది అంతే, పోయేదేమీ లేదు. అందులో ముప్పాతిక డబ్బు స్లాబు రోజే, బిర్యానీ సంబరంలో, వాడి చేతిలో పెట్టాను. క్లాసులో కాంట్రాక్టుల పాఠం చెప్పేది కూడా నేనే. విప్పిన తర్వాతే ఆఖరి సగం ఇవ్వాలి అని పిల్లలకు రాసిచ్చింది నేనే.

ఇక తమరూ లేదు, గిమరూ లేదు. విను.

నువ్వు సెంట్రింగువి కాదు. నువ్వు గోడౌన్‌లో పెట్టిన సరుకువి, ఆ గోడౌనుకు అద్దె కట్టేది నేను. అక్కడ అద్దింటికి నెలనెలా కడుతున్నాను, ఇక్కడ లోనుకు వాయిదా కడుతున్నాను, ఈ రెంటి మధ్య నువ్వు ఉచితంగా పడుకున్నావు. నీ వల్ల కరెంటు వాడు పైపుల దగ్గరే ఆగిపోయాడు. పూత మేస్త్రి ఇంకో పని ఒప్పుకుని ఒంగోలు పోయాడు. టైల్సు వరండాలో పెట్టెల్లోనే ఉన్నాయి. కార్తీకంలో గృహప్రవేశమని పంతులు కాగితం మీద రాసిచ్చాడు. అది దాటితే మనకు తుఫానులు, ఆ తర్వాత పుష్యం పనికిరాదు, మాఘమే. మా అత్తగారు చూడ్డానికి వస్తే నీ మేకు తగిలి పట్టుచీర చిరిగింది. నీ రేకులకు పూసిన కాలిన ఆయిలు నా చొక్కాల మీద చుక్కలు చుక్కలుగా ఉంది. పొట్టి కర్రల కింద ఎత్తుకి పెట్టుకున్నవి నా ఇటుకలే. అడిగావా?

నేనే విప్పి రోడ్డు మీద పడేద్దును. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుసు. రెండు పక్కలా గోడలున్న స్లాబుకు నడిమధ్య నుంచి గోడల వైపు విప్పుకుంటూ రావాలి. సన్‌షేడ్‌కయితే బయటి చివర నుంచి గోడ వైపుకి. తెలిసినా, ఆ ఇనుప రేకు ఒక్కటి నెత్తిన జారితే నా గృహప్రవేశం వేరే చోట జరుగుతుంది. కుర్రాడు పోతూ పోతూ ఆ మాట కూడా అన్నాడు. "మీరు ముట్టుకోబాకండి సార్."

బండి వెళ్లిపోయాక ఇంకో అరగంట అక్కడే ఉన్నాను. చీకటి పడుతుంటే కోపం కొంచెం దిగింది. ఇలా చెప్పడం నాకే నచ్చడం లేదు గానీ, స్లాబు వేసిన రాత్రి గుర్తొచ్చింది. ఆ రాత్రి వాన. నిద్ర పట్టక టార్చి పట్టుకుని వచ్చి చూశాను. 13 అడుగులకు 20 అడుగులు, 5 అంగుళాల మందం. తడి కాంక్రీటు ఏడున్నర టన్నులు. అదింకా ముద్ద, దానికంటూ బలం లేదు. మొత్తం నీ మీదే. చూస్తే ఒక్క కర్రా నిటారుగా లేదు. బెరడు కూడా తీయలేదు. ఒకటి నడుం దగ్గర వంకర, ఒకదాని కింద మూడు ఇటుక ముక్కలు. లెక్క వేస్తే భయమేసింది. తెల్లారాక దారం పట్టి చూస్తే స్లాబు ఎక్కడా కుంగలేదు.

కర్రను తక్కువ చేసేవాణ్ని కాదు నేను. ఆక్టేవ్ షనూట్ అని రైలు వంతెనలు కట్టే ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. అమెరికాలో కాన్సాస్ సిటీ దగ్గర మిస్సోరీ నది మీద 1869లో పూర్తయిన వంతెన ఆయనదే. ముసలితనంలో ఎగరడం మీద పిచ్చి పట్టింది. వంతెనకు వాడే ప్రాట్ ట్రస్సు అనే చట్రాన్నే తెచ్చి 1896లో రెండు రెక్కల గ్లైడరుకు పెట్టాడు. నిలువు కర్రలు నొక్కుడు తట్టుకుంటాయి, ఐమూల తీగలు లాగుడు తట్టుకుంటాయి. రైట్ సోదరులు ఆ పద్ధతే అందుకుని, స్ప్రూస్ కర్ర, యాష్ చెట్టు కర్ర, నూలుగుడ్డతో విమానం కట్టారు. 1903 డిసెంబర్ 17న అది మనిషిని మోసుకుని 12 సెకన్లలో 120 అడుగులు పోయింది. నువ్వూ కర్రవే. నీకు నేను ఎగరమని చెప్పడం లేదు. గుమ్మం పన్నెండు అడుగుల దూరంలో ఉంది.

ఇంటికొచ్చాక ఎనిమిదింటికి మేస్త్రి ఫోన్ ఆన్ అయింది. వాళ్ల బావమరిదికి జ్వరమట, అందుకే రాలేదట. రేపు పొద్దున ఆరింటికి గ్యారంటీ అన్నాడు. "గడ్డపార తెచ్చుకోండి" అన్నాను. "ఏ గడ్డపార సార్?" అన్నాడు.

ఐదున్నరకే వచ్చి కూర్చుంటాను. మధ్యాహ్నం తెచ్చుకున్న టిఫిన్ బాక్సు, గొడుగు కిటికీ దగ్గరి కర్ర మేకుకు తగిలించి మర్చిపోయి వచ్చాను. కొంచెం చూసుకో.

ఇట్లు,
నీ ఇంటి ఓనరు