మావాడూ అడ్వాన్స్‌డ్ ఫొటోగ్రఫీ స్టూడెంటే

టెక్సాస్‌లో ఉండే మా మేనకోడలు మొన్న వీడియో కాల్‌లో "మామయ్యా, నేను ఈ ఏడాది ఏపీ ఫొటోగ్రఫీ తీసుకున్నా" అంది. నా కళ్ళు చెమర్చాయి. ఎక్కడో పుట్టి పెరిగిన పిల్లకి ఆంధ్రప్రదేశ్ మీద ఇంత ప్రేమా అనుకుని, "శ్రీకాకుళం నుంచి మొదలెట్టమ్మా, అరసవల్లి, శాలిహుండం చూసుకుంటూ మెల్లగా కిందికి దిగొచ్చు" అన్నాను. అవతల మా చెల్లెలు నవ్వాపుకోలేక ఫోను బోర్లా పెట్టేసింది.

ఏపీ అంటే అక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అట. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి చదువు. పరీక్షకి బదులు పోర్ట్‌ఫోలియో, అంటే తను చేసిన బొమ్మల కట్ట పంపాలి. దాని అసలు పేరు 2డి ఆర్ట్ అండ్ డిజైన్, దాన్ని ఫొటోలతో చేసి పంపొచ్చు. మూడు గంటలు కూర్చోబెట్టి రాయించే పరీక్ష లేదు. ఒక ప్రశ్న పట్టుకుని దాని వెంట నెలల తరబడి పడి 15 బొమ్మలు పంపాలి, వాటికి 60 శాతం. విడిగా బాగా వచ్చినవి 5 పంపాలి, వాటికి 40 శాతం. ఇంతవరకూ ఓర్చుకున్నాను గానీ, ఆ ప్రశ్నేదో పిల్లే వేసుకోవాలట! పేపర్ సెట్టర్ లేడు, మోడల్ పేపర్ లేదు, గత పదేళ్ళ ప్రశ్నల గైడు లేదు. ఆ దేశం ఎలా నడుస్తోందో నాకు తెలీదు.

మా మేనకోడలు వేసుకున్న ప్రశ్న, "అమ్మమ్మ వచ్చిన ఈ ఆరునెలల్లో మా ఇంట్లో ఏమేం మారాయి?" అని. అమ్మమ్మంటే మా అమ్మే. పోపు పెట్టినప్పుడల్లా మోగుతోందని స్మోక్ అలారానికి కట్టిన ప్లాస్టిక్ కవర్ ఒక ఫొటో, పెరట్లో పాత చీర మీద ఎండుతున్న వడియాలు ఒకటి. బాగానే ఉన్నాయి. కానీ ఇందులో అడ్వాన్స్‌డ్ ఏముంది?

మావాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, విజయవాడ శివార్లలో హాస్టల్. అక్కడ ఫోన్లు నిషేధం, కెమెరా సంగతి చెప్పక్కర్లేదు. అయినా సరే, ఫొటోగ్రఫీలో మావాడు ఆ పిల్ల కంటే ఎంత ముందున్నాడో చూడండి. కటక సూత్రం, అదే లెన్స్ ఫార్ములా, నిద్రలో లేపినా చెప్తాడు. కటకాన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు, ముక్కు మీద ఉన్న రెండూ తప్ప. వాటి పవర్ మైనస్ 3 అని డాక్టర్ అనగానే "నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 33 సెంటీమీటర్లు" అని అక్కడికక్కడే చెప్పేశాడు, ఆయన బిత్తరపోయాడు. కెమెరా లెన్స్ మీద వెలుతురు ఎంత రానివ్వాలో చెప్పే 1.4, 2, 2.8, 4, 5.6, 8 అంకెలు చూపిస్తే గుణశ్రేఢి అన్నాడు, సామాన్య నిష్పత్తి రూట్ 2. స్ఫటికాల్లో ఉండే ఫ్రెంకెల్, షాట్కీ లోపాలు రెండూ చూపే పదార్థం ఏదంటే సిల్వర్ బ్రోమైడ్ అని టక్కున వస్తుంది. ఆ ఉప్పు మీదే కదరా మీ తాతల పెళ్ళి ఫొటోలన్నీ పడింది, దాన్ని కడిగి నిలబెట్టే హైపోయేరా నువ్వు బట్టీ పట్టిన సోడియం థయోసల్ఫేట్ అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "ఆప్షన్లేంటి నాన్నా?" అన్నాడు.

అంటే ఫొటో తీయడం ఒక్కటి తప్ప ఫొటోగ్రఫీ అంతా మన పిల్లలకి వచ్చేసింది. ఆ చిన్న లోటు పూడ్చడానికి బాధ్యత గల తండ్రిగా కొన్ని ప్రాజెక్టులు తయారుచేశాను. ఔటింగ్ అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు, ర్యాంకుకి ఢోకా లేదు.

మొదటిది డబ్బా కెమెరా. ఖాళీ డబ్బాకి సూదిబెజ్జం పెట్టి, లోపల ఫొటో పేపర్ చుట్టి, తూర్పు కిటికీకి కట్టేయాలి. జూన్ మూడో వారంలో కట్టి డిసెంబర్ మూడో వారంలో విప్పితే, పొద్దు ఉత్తరం నుంచి దక్షిణానికి జరిగిన దారంతా రోజుకో గీత చొప్పున కాగితం మీద పడుంటుంది. మబ్బు పట్టిన చోట గీత తెగుతుంది. మావాడు ఈ ఆరునెలల్లో సూర్యుణ్ణి చూసేది ఔటింగ్ రోజునే, వాడి తరఫున డబ్బా అయినా చూస్తుంది కదా. తీసుకెళ్తే వార్డెన్‌గారు చెవి దగ్గర పెట్టి ఊపి, అందులో ఫోను లేదని నిర్ధారించుకుని, అయినా వద్దన్నారు.

రెండోది నాకు చాలా ఇష్టమైనది. 1838లో డాగేర్ అనే ఆయన పారిస్‌లో ఒక రద్దీ వీధిని ఫొటో తీశాడు. అప్పట్లో బొమ్మ పడాలంటే నిమిషాలు పట్టేది కాబట్టి కదిలే బళ్ళూ మనుషులూ ఏమీ పడలేదు, నిలబడి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న ఒకాయన మాత్రం మిగిలాడు. అదే పద్ధతిలో మన స్టడీ అవర్‌ని గంటసేపు తీయాలి. పిల్లలందరూ గీసినట్టు స్పష్టంగా వస్తారు. కదిలేది ఇన్‌చార్జ్ సార్ ఒక్కరే, ఆయన మాయమైపోతారు.

రోడ్డు మీదికి చూపు పోకుండా హాస్టల్ కిటికీలకి ఎలాగూ అట్టలు కొట్టారు. ఒక అట్టకి చిన్న బెజ్జం పెడితే గది మొత్తం కెమెరా అయిపోతుంది, బయటి బస్సులు గోడ మీద తలకిందులుగా నడుస్తాయి. సగం పని యాజమాన్యమే చేసిపెట్టింది, ఆ బెజ్జమే మిగిలింది.

ఇక పోర్ట్రెయిట్లంటారా, అందులో మనల్ని కొట్టేవాడు లేడు. ఒకప్పుడు ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ నవాబుల్ని తీశాడు, వాళ్ళ తలపాగాలూ కుర్చీలూ చూస్తే ఎవరి హోదా ఏంటో తెలిసేది. ఇప్పుడు ఫలితాల మర్నాడు చౌరస్తాకొస్తే చాలు, నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద పాస్‌పోర్ట్ ఫొటోలు వరసగా, కింద అంకె. హోదా అంకెలోనే ఉంది, మొహం ఎవరిదైనా ఫరవాలేదు. ఒకే కుర్రాడు మూడు ఫ్లెక్సీల్లో మూడు కాలేజీల పిల్లాడిగా నవ్వుతుంటాడు. అలాంటివాళ్ళని వెతికి సిరీస్‌గా తీస్తే ఏ గ్యాలరీలోనైనా పెట్టుకోవచ్చు.

హైదరాబాద్‌లోని లలితకళల యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీలో డిగ్రీయే చేయొచ్చని మా అపార్ట్‌మెంట్లో అంటే, "పెళ్ళిళ్ళకి రోజుకెంత తీసుకుంటారు?" అన్నారు. వాళ్ళనేం అంటాం. మావాణ్ణి ఆ హాస్టల్లో చేర్పించిందెవరో, ఫీజు కడుతోందెవరో ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పట్లేదు.

ఇంతలో మేనకోడలు మళ్ళీ ఫోన్. "మామయ్యా, అమ్మమ్మ రాత్రిళ్ళు కిటికీ దగ్గర కూర్చుని, ఈ టైముకి మనవడికి తెల్లారుంటుంది అంటోంది. బావ గది కిటికీ ఫొటో ఒకటి పంపవా?" ఫోనుకి పర్మిషన్ దొరకలేదు. ఆదివారం వెళ్ళి సంగతి చెప్తే మావాడు రికార్డ్ బుక్కులోంచి తెల్ల కాగితం ఒకటి చింపి, పెన్సిల్ చెక్కుకుని, పది నిమిషాల్లో కిటికీ గీసిచ్చాడు. నీట్‌గా, భాగాలు గుర్తించి మరీ. 1. ఊచలు. 2. తడి తువ్వాలు. 3. అట్ట. 4. అట్ట చిరిగిన చోటు. ఆ నాలుగో దాంట్లోంచి బాణం గుర్తుతో ఒక కిరణం. కింద "స్కేలుకి గీయలేదు" అని రాశాడు.

స్కాన్ చేసి పంపాను. మా అమ్మ దాన్ని ప్రింట్ తీయించుకుని కళ్ళజోడు పైకి నెట్టి చూస్తుంటే మేనకోడలు ఫొటో తీసిందట. పదిహేనోది అదే.