పురుగుకూ ఓ పరీక్ష

నాలుగు రోజుల కింద మందు కొట్టిన పొలమే. వరి దుబ్బును చేత్తో వంచి మొదట్లోకి చూస్తే, నీటికి కాస్త పైన కాండాన్ని గుంపులుగా అంటుకుని సుడిదోమ అలాగే ఉంది. ఇంకొన్నాళ్లకు మడి మధ్యలో సుళ్లు సుళ్లుగా పైరు మాడుతుంది. తెలంగాణలో దీన్నే దోమపోటు అంటారు. రైతు నేరుగా దుకాణానికి పోయి కల్తీ మందు ఇచ్చావని నిలదీస్తాడు. కొన్నిసార్లు అది నిజమే. కానీ సీసాలో అసలు సరుకే ఉండి, ల్యాబ్‌లో పాసైన మందు కూడా చేలో ఫెయిలవుతుంది.

తేడా అప్పుడు పురుగు ఒంట్లో ఉన్నట్టు. మనకు కాలేయం చేసే పనిని పురుగులో సైటోక్రోమ్ పీ450లు, ఎస్టరేజులు, గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజులు అనే ఎంజైములు చేస్తాయి. విషాన్ని విరగ్గొట్టి బయటికి పంపేస్తాయి. ఇవేవీ మన మందుల కోసం పుట్టినవి కావు. పత్తి మొక్క తన రక్షణకు గాసిపాల్ అనే విషాన్ని తయారు చేసుకుంటే, శనగపచ్చ పురుగు ఈ ఎంజైముల బలంతోనే దాన్ని అరిగించుకుంటోంది. అంత సాము చేసిన పురుగు మీదికి మనం స్ప్రేయర్ పట్టుకుని వెళ్తున్నాం. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్లనే పురుగుమందులను నమ్ముకున్న గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు ఆ పురుగు దెబ్బ ఎలా ఉంటుందో చూశారు.

సుడిదోమ కథా అంతే. ఇమిడాక్లోప్రిడ్ వచ్చిన కొత్తలో దోమకు తిరుగులేని మందు. 2003లో థాయిలాండ్‌లో దాని పట్టు సడలింది, కొన్నేళ్లకే ఆసియాలో చాలా చోట్ల అదే పరిస్థితి. ఆరా తీస్తే, సీవైపీ6ఈఆర్1 అనే పీ450 ఎంజైము ఆ దోమల్లో మామూలు కన్నా ఎన్నో రెట్లు తయారవుతోందని తేలింది. కొట్టిన ప్రతిసారీ ఆ ఎంజైము తక్కువున్న దోమలు చస్తాయి, ఎక్కువున్నవి మిగిలి గుడ్లు పెడతాయి. డోసు పెంచినా మిగిలేవి గట్టివే. పైగా దోమను తినే సాలీళ్లు ముందు పోతాయి.

మందు మార్చమంటారు. మంచి సలహానే, కాకపోతే దుకాణంలో తరచూ మారేది పేరు మాత్రమే. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, అసిటామిప్రిడ్, డైనోటెఫ్యూరాన్... డబ్బాలు నాలుగు, రేట్లు నాలుగు, అన్నీ 4ఏ గ్రూపే, అంటే పురుగును ఒకే తీరులో దెబ్బతీసేవే. పోనీ గ్రూపు మార్చినా గ్యారంటీ లేదు. తెల్లదోమలో సీవైపీ6సీఎం1 అనే ఒక్క ఎంజైమే 4ఏలోని ఇమిడాక్లోప్రిడ్‌నూ, 9బీలోని పైమెట్రోజిన్‌నూ విరిచేస్తుంది. గ్రూపుల చార్టు చూసుకుని జాగ్రత్తగా మందు మార్చిన రైతుకూ చివరికి అప్పే మిగలొచ్చు.

1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం ఇన్‌స్పెక్టర్లు సీసా శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపుతారు. పంపాల్సిందే. మరి పురుగు శాంపిల్ మాటేమిటి? ఆ పరీక్షకు కోట్లు అక్కర్లేదు. పొలం నుంచి దోమలను పట్టి తెచ్చి, రకరకాల మోతాదుల మందులో ముంచి ఆరబెట్టిన వరి కాండాల మీద వదిలి, ఎన్ని చచ్చాయో లెక్కపెట్టాలి. పీ450లను అడ్డుకునే పైపెరోనిల్ బ్యూటాక్సైడ్‌ను కలిపి మళ్లీ చూడాలి. అప్పుడు చావులు పెరిగితే దొంగ దొరికినట్టే. వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఇది చేతికి అలవాటైన పనే. పరిశోధన పత్రాలకు పరిమితమైన ఈ పనిని ఏటా, జిల్లాల వారీగా, ప్రభుత్వ ఖర్చుతో చేయించాలని మేం కోరుతున్నాం. మందులమ్మే కంపెనీల డబ్బుతో మాత్రం వద్దు.

చైతన్య, కృష్ణవేణి వంటి దోమను తట్టుకునే రకాలు, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు, యూరియా తగ్గించడం, ఇవన్నీ ఎప్పుడూ చెప్పేవే, ఇప్పటికీ పనికొచ్చేవే. డబ్బా మీద విషతీవ్రత చెప్పే రంగు త్రికోణం ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుందో, గ్రూపు నంబరూ అంత పెద్దదిగా ఉండాలి. ఏ మందుకు మన జిల్లా దోమ లొంగుతోందో, దేనికి లొంగడం లేదో చెప్పే జాబితా నాట్లకు ముందే తెలుగులో రావాలి. దుకాణంలో రైతు నిలబడే చోట, ధరల బోర్డు పక్కనే దాన్ని అంటించాలి.