బావగారి షేవర్‌లో దొరికిన సాక్ష్యం

(సెలవు రోజు పొద్దున. వాష్ బేసిన్ ముందు బావ. ఎడమ చెంప నున్నగా ఉంది, కుడి చెంప అలాగే ఉంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. బామ్మర్ది అక్కావాళ్లింట్లో రెండ్రోజులు ఉండి పోదామని వచ్చాడు, ఆ రెండ్రోజులు ఎప్పుడు అయిపోయాయో మర్యాద కొద్దీ ఎవరూ అడగటం లేదు.)

బావ: ఒరేయ్, ఇలా రా. నేనేమీ అనను, నిజం చెప్పు. నా షేవర్ వాడావా?

బామ్మర్ది: ఏమీ అనను అంటూ మొదలుపెట్టారంటే గట్టిగానే అనబోతున్నారు. వాడలేదు బావా.

బావ: మరి మొన్నటిదాకా చెంప మీద పెట్టినట్టే తెలిసేది కాదు, ఇవాళ ఒక్కో వెంట్రుకనీ పేరు పెట్టి పిలిచి మరీ పీకుతోంది. ఈ ఇంట్లో గడ్డం ఉన్నవాళ్లం ఇద్దరం. అందులో ఒకణ్ణి నేను. రెండోవాడెవడో నువ్వే చెప్పు.

బామ్మర్ది: నా మొహం చూడండి. గడ్డం పెంచుతున్నా. ఇది గీసుకున్న మొహమా?

బావ: అది గడ్డమా? అక్కడో నాలుగు, ఇక్కడో నాలుగు. గీసినా గీయకపోయినా ఎవడు కనిపెట్టగలడు?

బామ్మర్ది: ఎంత మాటైనా అనండి, పక్కవాడి షేవర్ మాత్రం చచ్చినా ముట్టుకోను. గీసుకునేటప్పుడు కంటికి కనపడని గాట్లు పడతాయి, రక్తం అంటుకుంటుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది, తెలుసా?

బావ: అంటే నాకు జబ్బుందంటున్నావా?

బామ్మర్ది: ఎవరిది వాళ్లు వాడుకోవాలంటున్నా. మీకున్న జబ్బు వేరే. అసలు దాన్ని ఆఖరుసారి ఎప్పుడు కడిగారు?

బావ: కడగడమా? కరెంటు వస్తువునా? మతి ఉండే మాట్లాడుతున్నావా?

బామ్మర్ది: ఆ పిడి మీద చిన్న బొమ్మ ఉంది, చూడండి. కుళాయి, దాని కింద నీళ్లు.

బావ: అది నీళ్ల దగ్గరికి తీసుకెళ్లొద్దని హెచ్చరిక.

బామ్మర్ది: వద్దంటే దాని మీద అడ్డగీత కొడతారు బావా. గీత లేదంటే కడుక్కోమని. అసలు బొమ్మే లేని రకాలుంటాయి, వాటిని బ్రష్షుతో దులపడం తప్ప నీళ్లు తగలనివ్వకూడదు. మీదానికి బొమ్మ ఉంది.

(ఈ ఒక్క విషయంలో నేను బావ పక్షం. ఆ బొమ్మలు గీసేవాళ్లు ఆవగింజంత గీస్తారు. నలభై దాటినవాడికి కళ్లజోడు లేకుండా అది కుళాయో కొడవలో ఎలా తెలుస్తుంది?)

బావ: మూడేళ్ల నుంచి వాడుతున్నా. ప్రతిసారీ అయిపోగానే శుభ్రం చేసే పెడుతున్నా.

బామ్మర్ది: ఎలా?

బావ: ఉఫ్.

బామ్మర్ది: ఉఫ్ అంటే?

బావ: ఉఫ్ అంటే ఉఫ్. ఊదుతా. ఎగిరిపోతుంది.

బామ్మర్ది: పైనున్నది కాస్త ఎగురుతుంది, మిగతాది లోపలికి దూరుతుంది, దానికి తోడు మీ నోటి తడి. షేవర్‌లో పడేది ఒక్క వెంట్రుకలే కాదు. చనిపోయిన చర్మం రాలుతుంది, మొహం మీది జిడ్డు పడుతుంది. అన్నీ కలిసి బ్లేడు సందుల్లో గట్టిపడితే బ్లేడు సరిగ్గా తిరగదు, మోటారు మూలుగుతుంది, వెంట్రుకని తెగ్గొట్టాల్సింది పోయి పట్టుకుని లాగుతుంది. దాని తప్పేం లేదు.

బావ: ఒరేయ్, ఇదేమైనా అల్లాటప్పా వస్తువా? 1931లోనే జేకబ్ షిక్ అని అమెరికా సైన్యంలో పనిచేసినాయన అమ్మకానికి పెట్టిన గొప్ప ఐడియా. అలాంటిది నా ఉఫ్‌కి పాడవుతుందా?

బామ్మర్ది: ఆయనది ఇది కాదు బావా. షిక్ బ్లేడు అటూ ఇటూ జరిగే రకం. మీదానిలా గుండ్రంగా తిరిగేది 1939లో ఫిలిప్స్‌లో అలెగ్జాండర్ హొరోవిట్జ్ అనే ఇంజనీరు చేశాడు. అప్పుడు దానికి గీసే తల, అదే హెడ్డు, ఒక్కటే ఉండేది. మీదానికున్నట్టు మూడు హెడ్లు తర్వాత వచ్చాయి.

బావ: (కాస్త చిన్నబోయి) గడ్డం రాకపోయినా గడ్డం చరిత్ర మాత్రం బాగానే వచ్చు నీకు.

(ఓడిపోతున్నానని తెలిస్తే బావ ఇంకో కేసు పెడతాడు. షేవర్‌కి చార్జర్ తగిలించి స్విచ్ నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకోసారి నొక్కాడు. మొహం వెలిగిపోయింది.)

బావ: చచ్చింది! చూశావా? చార్జింగ్ పెట్టినా తిరగట్లేదు. ఇప్పుడు చెప్పు, ఎవరు చేశారిది?

బామ్మర్ది: వైరు పీకి నొక్కండి.

బావ: వైరు పీకితే కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందిరా?

బామ్మర్ది: బ్యాటరీ నుంచి. తడి మొహం మీద కూడా వాడుకునే షేవర్లలో చాలావాటికి ఇలాగే ఉంటుంది. ప్లగ్గులో ఉన్నంతసేపు ఆన్ అవకుండా కావాలనే చేస్తారు, నీళ్లలో నిలబడి కరెంటు వైరు పట్టుకునే మహానుభావులు ఉంటారని.

(వైరు పీకాడు. జుయ్‌మంది. కాసేపు మౌనం.)

బావ: అయినా చార్జింగ్ త్వరగా అయిపోతోంది. నేను మాత్రం పద్ధతిగానే వాడతా, పూర్తిగా సున్నా అయ్యి ఆగిపోయేదాకా చార్జింగే పెట్టను.

బామ్మర్ది: అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంలో చెప్పిన మాట. మీదానిలో ఉన్నది లిథియం అయాన్, ఫోన్‌లో ఉండేదే. ఫోన్‌ని రోజూ ఆగిపోయేదాకా ఉంచుతారా? దాన్ని అడుగంటా ఖాళీ చేసి నెలల తరబడి సొరుగులో పడేయడమే అసలు చేటు. ఇక చార్జింగ్ త్వరగా దిగడానికి ఒక కారణం ఆ మురికే అయ్యుండొచ్చు. బ్లేడు బిగుసుకుంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ముందు అది తెరవండి.

బావ: ఎక్కడ తెరవాలి?

బామ్మర్ది: మూడేళ్లుగా మీ చేతిలో ఉంది, నన్నడుగుతారేంటి? స్విచ్ ఆపి, పక్కనున్న నొక్కు నొక్కండి. హెడ్డు కిందికి వంచి, బేసిన్ మీద పట్టుకుని.

(మూత టక్కుమని తెరుచుకుంది. బూడిద రంగు పొడి తెల్లటి బేసిన్ మీద రాలింది. రాలుతూనే ఉంది. లోపల తిరిగే బ్లేడులు, అంటే కట్టర్ల చుట్టూ అదే పొడి జిడ్డుతో కలిసి, గోరుతో గీకితే పెచ్చుగా ఊడొచ్చేలా పేరుకుని ఉంది. వాసన సంగతి వేరే చెప్పక్కర్లేదు, బామ్మర్ది కిటికీ తెరిచాడు.)

బావ: ఇది నాది కాదు.

బామ్మర్ది: మరి ఎవరిది? షిక్‌గారిదా?

బావ: (షేవర్‌ని బేసిన్ అంచుకేసి కొట్టబోతూ) ఒక్క దెబ్బ కొడితే మొత్తం రాలిపోతుంది.

బామ్మర్ది: కొట్టకండి! కట్టర్ల మీద మూతల్లా ఉన్న ఆ గార్డులు పలచటి రేకు. వంగినా చీలినా రేపు మీ చెంపే చీలుతుంది. మెల్లగా ఆ చట్రం తీసి, లోపల ఉన్నది ఒక్కొక్కటే బయటికి తీసి...

బావ: తీశా.

బామ్మర్ది: ఒక్కటేనా?

బావ: రెండు.

బామ్మర్ది: రెండూ విడదీసేశారా?

బావ: విడదీసి చేతిలో పెట్టుకున్నా. ఇవిగో, రెండు కట్టర్లు, రెండు గార్డులు. శుభ్రంగా ఉంది కదా లెక్క.

బామ్మర్ది: ఏ కట్టర్ ఏ గార్డుది?

బావ: ఏదైతేనేం? అన్నీ ఒకటేగా.

బామ్మర్ది: కొత్తలో ఒకటే. రోజూ తిరిగి తిరిగి ఏ కట్టర్‌కి ఆ గార్డు ఒరుసుకుని జతగా కుదురుకుంటాయి. అందుకే ఒకదాన్ని కడిగి, బిగించి, అప్పుడు రెండోదాన్ని తియ్యమంటారు. జత మారితే మళ్లీ నున్నగా గీయడానికి కొన్ని వారాలు పట్టొచ్చు.

బావ: అంటే కొత్తగా పెళ్లయినవాళ్లలాగా కొన్నాళ్లు రాపిడి ఉంటుందంటావ్.

బామ్మర్ది: అవును. కాకపోతే ఆ రాపిడి మొత్తం మీ బుగ్గ మీద.

బావ: ఇదంతా నువ్వు ముందే చెప్పి ఉండాల్సింది. నీదే తప్పు.

(బామ్మర్ది ఏదో అనబోయి, ఈ ఇంట్లో ఇంకా కొన్నాళ్లు ఉండాల్సిన అవసరం గుర్తొచ్చి మింగేశాడు. గోరువెచ్చటి నీళ్ల కింద, ఒక చుక్క లిక్విడ్ సోప్ వేసి, చిన్న బ్రష్షుతో రుద్దడం మొదలైంది. బావ కూడా రుద్దాడని ఆయన తర్వాత ఎవరితో చెప్పినా నమ్మకండి, ఆయన కుళాయి తిప్పాడు.)

బావ: సబ్బు ఎందుకు? నీళ్లు చాలవూ?

బామ్మర్ది: జిడ్డు ఉత్తి నీళ్లకి పోతుందా? రోజూ ఇంత విప్పక్కర్లేదు. గీసుకున్నాక హెడ్డు తెరిచి కుళాయి కింద కాసేపు పట్టి, నీళ్లు విదిలించేస్తే చాలు. ఈ విప్పడం, రుద్దడం నెలకోసారి. ఇక ఆ మూడోది ఇటివ్వండి, దాన్నైనా జత చెడకుండా కడుగుదాం.

బావ: ఇదిగో. ఆఁ? ఇదేంట్రా ఇక్కడ?

(మూడో కట్టర్ ఇరుసు చుట్టూ ఏదో బిగుసుకుని ఉంది. బామ్మర్ది బ్రష్షు వెనకవైపుతో మెల్లగా పైకి లేపి లాగాడు. పోగు వచ్చింది. ఇంకా వచ్చింది. దాని వెనకే మెత్తటి ముద్ద.)

బామ్మర్ది: నీలం.

బావ: నీలం.

బామ్మర్ది: బావా, మీ గడ్డం నలుపు, తెలుపు. నాది ఎంతున్నా నలుపే. మరి ఈ నీలం గడ్డం ఎవరిది?

బావ: టవల్ పోగై ఉంటుంది. కడగను కానీ, ఊదాక పైన ఓ తుడుపు తుడుస్తాగా.

బామ్మర్ది: బ్లేడుని టవల్‌తో తుడవకూడదన్నది ఇందుకే, పోగులు పట్టేస్తాయి. కానీ మీ టవల్ తెల్లది. పైగా ఇది నూలు కాదు, చూడండి, ఉన్ని.

బావ: ఈ ఇంట్లో నీలం ఉన్ని ఎవరికి ఉంది?

(ఇద్దరూ ఒకేసారి లోపలి గది వైపు చూశారు.)

బామ్మర్ది: (గొంతు తగ్గించి) నిన్న అక్క వేసుకున్న స్వెట్టర్ చూసి "కొత్తదా?" అని అడిగింది మీరే.

బావ: అడిగా. నున్నగా ఉంది, ఉండలన్నీ పోయాయి. ఏమీ మాట్లాడకుండా నవ్వింది. ఆ నవ్వు నా మీద ప్రేమ అనుకున్నా.

బామ్మర్ది: స్వెట్టర్ మీద ఉండలు గీసుకోవడానికి వేరే మిషన్ దొరుకుతుంది బావా, అక్కకి తెలీదేమో. ఇది ఉన్నికి పనికిరాదు, ఇరుసుకి చుట్టుకుంటుంది. వెళ్లి చెప్పండి.

బావ: నేనా? మీ అక్క కదా, నువ్వు చెప్పు.

బామ్మర్ది: మీ భార్య కదా, మీరు చెప్పండి.

బావ: ఇందాకట్నుంచి వైరస్సులూ బ్యాటరీలూ చెప్పినవాడివి, ఈ ఒక్క ముక్క చెప్పలేవా?

బామ్మర్ది: ఇందాకట్నుంచి నన్ను దొంగని చేసినవారు, అసలు దొంగ దొరికాక అంత మెల్లగా మాట్లాడుతున్నారేం?

బావ: మెల్లగా ఏముంది, నా గొంతే అంత. అది సరే, ఆరబెట్టాక ఓ చుక్క నూనె వేస్తే మళ్లీ బాగా తిరుగుతుందేమో? కొబ్బరినూనె తెస్తానుండు.

బామ్మర్ది: వద్దు! కొబ్బరినూనె 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది, వంటనూనెలు నాళ్లు గడిచేకొద్దీ బంకలా మారతాయి. మాన్యువల్‌లో నూనె వేయమని ఉంటే కుట్టు మిషన్ నూనె లాంటి పలచటిది ఒక్క చుక్క. అంతే.

బావ: కుట్టు మిషన్ నూనె ఎవరి దగ్గరుంది?

బామ్మర్ది: అక్క దగ్గర.

బావ: అయితే నూనె అక్కర్లేదు.

బామ్మర్ది: మూడేళ్లయింది కాబట్టి అసలు ఈ హెడ్లే మార్చాలి. సాధారణంగా ఏడాది, రెండేళ్లకోసారి మార్చమంటారు. మూడూ ఒకేసారి మార్చండి, అప్పుడు జతల గొడవ కూడా ఉండదు. ఇప్పటికి మూత తెరిచే ఉంచి ఆరనివ్వండి, తడి మీద మూసేస్తే మళ్లీ అదే వాసన.

బావ: ఆరేదాకా నా కుడి చెంప?

బామ్మర్ది: ఎవరైనా అడిగితే గడ్డం పెంచుతున్నానని చెప్పండి. నేనూ అదే చెబుతున్నా.

(లోపలి నుంచి అక్క గొంతు: "ఏమండీ, మీ గడ్డం అయిపోతే ఆ మిషన్ ఇలా ఇవ్వండి! స్వెట్టర్‌కి ఇంకో చెయ్యి మిగిలిపోయింది!")

బామ్మర్ది: ఇప్పుడు చెప్పండి బావా. ఇదే సమయం. గట్టిగా చెప్పండి.

బావ: (గట్టిగా) ఇప్పుడే కడిగి పెట్టానే! ఆరగానే తెచ్చిస్తా!